ఆలస్యంగా తెలిసే దెబ్బ

వెల్డింగ్ చేసిన రోజు సాయంత్రం కళ్ళు బాగానే ఉంటాయి. భోజనం చేస్తారు, కాసేపు టీవీ చూస్తారు, పడుకుంటారు. ఏ అర్ధరాత్రో మెలకువ వస్తుంది. రెప్పల కింద ఇసుక పోసినట్టు ఒకటే గరగర. కళ్ళు తెరవలేరు, మూసుకుని ఉండలేరు, నీళ్ళు కారుతూనే ఉంటాయి. మన ఊళ్ళలో గేట్లూ గ్రిల్లులూ చేసే షాపుల్లో పనిచేసేవాళ్ళలో ఈ రాత్రిని ఎరగని మనిషి అరుదు. చాలామంది దీన్ని పనితో పాటు వచ్చే కష్టంగా లెక్కేసుకుంటారు. కళ్ళ మీద బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని తెల్లవారేదాకా ఓర్చుకుంటారు.

దెబ్బ పగలు తగిలింది, నొప్పి రాత్రి వచ్చింది. మధ్యలో ఆరేడు గంటల పాటు ఒళ్ళు ఏమీ చెప్పలేదు. వెల్డింగ్ పరికరాలు ఎంచుకునే మనిషి ముందుగా అర్థం చేసుకోవలసింది ఈ ఆలస్యాన్నే.

నిప్పు సంగతి మన ఒంటికి బాగా తెలుసు. వేడి తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. కానీ వెల్డింగ్ ఆర్క్ నుంచి వచ్చేవాటిలో చాలావాటిని పసిగట్టే ఇంద్రియం మనకు లేదు. అతినీలలోహిత కిరణాల దెబ్బ ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత బయటపడుతుంది. జింకు పొగ దెబ్బ ఆ రాత్రికి జ్వరమై వస్తుంది. మాంగనీసు పొగ దెబ్బకు ఏళ్ళు పడుతుంది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దశాబ్దాలు పడుతుంది. అందుకే ఈ పనిలో “ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా” అన్న మాటకు సాక్ష్యంగా విలువ లేదు. ఏది కొనాలో అనుభవం చెప్పదు, భౌతికశాస్త్రమూ రసాయనశాస్త్రమూ చెబుతాయి.

ఒకప్పుడు ఇంట్లో వెల్డింగ్ అన్న ఊహే ఉండేది కాదు. మెషీన్ అంటే ఇనప చక్రాల మీద నిలబెట్టిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, రాగి చుట్టల బరువు, దానికో ప్రత్యేకమైన లైను. ఇన్వర్టర్ మెషీన్లు వచ్చి ఆ లెక్క మార్చేశాయి. వాటిలో ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతాయి. పౌనఃపున్యం అంత పెరిగితే అదే పనికి చాలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. అందుకే ఈ రోజు భుజానికి తగిలించుకునే పెట్టె నిన్నటి బండ మెషీన్ చేసిన పని చేస్తోంది. కారు షెడ్డులోనో, పెరట్లోనో, మేడ మీదో పెట్టుకుని మొక్కల స్టాండూ, ఇనప మంచమూ, ట్రాక్టర్ గొర్రుకు విరిగిన పళ్ళూ ఎవరికి వాళ్ళే అతుక్కుంటున్నారు. ఇది మంచి మార్పు. చేత్తో పని నేర్చుకునే మనిషిని ఎవరూ ఆపకూడదు. బాధ ఏమిటంటే, కొట్టుకు వెళ్ళినవాళ్ళు ముందు “ఎన్ని ఆంపియర్లది?” అని అడుగుతారు. చివర్లో మిగిలిన చిల్లరతో ఒక నల్ల కళ్ళద్దాల జత తీసుకుని ఇంటికి వస్తారు. ఈ వరుసను తిరగెయ్యాలని చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను.

రాడ్డు కొసకూ ఇనుముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందులో గాలి అయనీకరణం చెంది కరెంటుకు దారి ఇస్తుంది. అదే ఆర్క్. అక్కడి ఉష్ణోగ్రత 5,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సుమారు 2,860 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే ఆర్క్ కింద ఇనుము కరగడంతో ఆగదు, కొంత ఆవిరై లేస్తుంది. ఈ ఒక్క విషయం నుంచే వెలుగు కథా, పొగ కథా రెండూ మొదలవుతాయి.

ముందు వెలుగు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు. ఆర్క్ కూడా ఆ స్థాయిదే. కానీ సూర్యుడికీ మనకూ మధ్య 15 కోట్ల కిలోమీటర్ల దూరం ఉంది, పైన ఓజోన్ పొర ఉంది. 280 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను, అంటే అతినీలలోహిత కిరణాల్లో అత్యంత తీవ్రమైన సి రకాన్ని, వాతావరణం పూర్తిగా ఆపేస్తుంది. నేల మీద బతికే ఏ కన్నూ వాటిని తట్టుకునేలా తయారు కాలేదు. వెల్డర్‌కూ ఆర్క్‌కూ మధ్య మూరెడు దూరం తప్ప ఏ ఓజోన్ పొరా లేదు.

ఆ కిరణాలను కంటి ముందుభాగంలోని పారదర్శకపు పొర, కార్నియా, పీల్చుకుంటుంది. అందులోనూ 270 నానోమీటర్ల దగ్గరి కిరణాలకు అది మరీ సున్నితం. పైవరుస కణాలు అక్కడికక్కడే రాలిపోవు. వాటిలోని డీఎన్ఏ, ప్రోటీన్లు దెబ్బతింటాయి, కొన్ని గంటలకు కణాలు చచ్చి ఊడిపోతాయి, అప్పుడు కింద ఉన్న నరాల కొసలు బయటపడతాయి. కార్నియాలో నరాల సాంద్రత ఒంట్లో మరెక్కడా లేనంత ఎక్కువ. ఆ ఇసుక గరగరకు కారణం అదే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పై పొర మళ్ళీ పెరుగుతుంది, బాధ తగ్గుతుంది. ఆ సమయానికి బంగాళాదుంప పెట్టుకుని ఉంటే దానికి పేరొస్తుంది. చల్లదనం కొంత ఉపశమనం ఇస్తుంది, నిజమే. అది శుభ్రమైన తడిగుడ్డతోనూ దొరుకుతుంది. పచ్చి దుంప రసమో, కొన్ని ఇళ్ళలో వేసే తల్లిపాలో పొర ఊడిన కంటిలోకి సూక్ష్మజీవులను చేరవేయగలవు. అంతకంటే ప్రమాదకరమైనది మందుల షాపులో అడిగి మత్తు చుక్కలు తెచ్చుకోవడం. అవి క్షణాల్లో నొప్పి తీసేస్తాయి. మళ్ళీ మళ్ళీ వేసుకుంటే కార్నియా మానకుండా చేసి, శాశ్వతమైన మచ్చ మిగల్చగలవు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడమే మార్గం. ఆర్క్ చూస్తే కాంటాక్టు లెన్సు కంటికి అతుక్కుపోతుందన్న మాట కూడా చాలాచోట్ల తిరుగుతోంది. అది నిజం కాదు. కాకపోతే దుమ్ము పనిలో లెన్సులు అసౌకర్యం కాబట్టి మామూలు కళ్ళజోడు మేలు.

కార్నియా నొప్పి పెట్టి చెబుతుంది. రెటీనా అదీ చెయ్యదు. దానికి నొప్పి తెలియదు. 400 నుంచి 500 నానోమీటర్ల నీలి కాంతి నేరుగా రెటీనా మీద కేంద్రీకృతమై, గ్రహణం రోజు సూర్యుడిని చూసినవాళ్ళకు జరిగే నష్టమే చేయగలదు. ఏళ్ళ తరబడి పరారుణ వేడి తగిలితే కంటి కటకం మసకబారే అవకాశమూ ఉంది. కాబట్టి కంటి ముందు పెట్టే గాజు మూడు పనులు చేయాలి. అతినీలలోహితాన్ని ఆపాలి, పరారుణాన్ని ఆపాలి, కంటికి కనిపించే వెలుగును వేల వంతుల్లో ఒక వంతుకు తగ్గించాలి.

నల్ల కళ్ళద్దాలు ఎక్కడ ఓడిపోతాయో ఇప్పుడు చూడవచ్చు. మామూలు చలువ కళ్ళద్దాలు వచ్చిన వెలుగులో దాదాపు ఏడో వంతును లోపలికి వదులుతాయి. వెల్డింగ్ గాజు మీద 10 అని ఉంటే అది సుమారు 7,200 వంతుల్లో ఒక వంతును మాత్రమే వదులుతుంది. 11 నంబరు గాజు 19,000 వంతుల్లో ఒకటి. నంబరు ఒకటి పెరిగితే లోపలికి వచ్చే వెలుగు దాదాపు 2.7 రెట్లు తగ్గుతుంది. ఇది సంవర్గమాన కొలమానం. పైగా కళ్ళద్దాల పక్కలు తెరిచి ఉంటాయి, ముఖమూ మెడా పూర్తిగా బయటే ఉంటాయి. కళ్ళు తప్పించుకున్నా చెంపలూ మెడ కిందా ఎండదెబ్బ తిన్నట్టు కమిలిపోతాయి. కళ్ళద్దాలతో ఆర్క్ వెల్డింగ్ చేయకూడదు, అంతే. గ్యాస్ వెల్డింగుకు 5 నంబరు గాగుల్స్ సరిపోతాయి, ఎందుకంటే ఆ మంటలో ఇంత అతినీలలోహితం లేదు. ఆ గాగుల్స్ పెట్టుకుని రాడ్డు కాల్చేవాళ్ళు కనిపిస్తారు. 5 నంబరు గాజు వదిలే వెలుగు 10 నంబరు వదిలేదానికి 140 రెట్ల దాకా ఉంటుంది.

ఇంటి పనికి సాధారణంగా వాడేది 60 నుంచి 160 ఆంపియర్ల మధ్య. దానికి 10 నంబరుతో మొదలుపెట్టండి, వెలుగు ఎక్కువనిపిస్తే 11కు వెళ్ళండి. 160 దాటితే 11, 12. మరీ నల్లటి గాజు వల్ల కరిగిన లోహపు మడుగు కనబడక, తల ఇంకా ముందుకు వంచి పొగలో పెడతారు. అదీ నష్టమే.

చేత్తో పట్టుకునే షీల్డు మన షాపుల్లో బాగా వాడుకలో ఉంది. దానితో చిక్కేమిటంటే ఒక చెయ్యి దానికే పోతుంది. ముక్కను పట్టుకోవడానికి ఆ చెయ్యి కావలసి వచ్చిన ప్రతిసారీ షీల్డు కిందికి దిగుతుంది, రాడ్డు తాకించేటప్పుడు కళ్ళు మూసుకుని అంచనాతో పొడుస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆర్క్ దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ తాకించే క్షణంలోనే. దానంతటదే నల్లబడే హెల్మెట్ సరిగ్గా ఆ క్షణం కోసం పుట్టింది. స్వీడన్‌లో హార్నెల్ సంస్థ 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇలాంటిదాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గడియారాల్లో, కాలిక్యులేటర్లలో ఉండే లిక్విడ్ క్రిస్టలే ఇందులోనూ ఉంటుంది. ఆర్క్ వెలుగు సెన్సరుకు తగలగానే వోల్టేజి మారుతుంది, క్రిస్టల్ అణువులు తిరుగుతాయి, 3 లేదా 4 నంబరు స్థాయిలో ఉన్న గాజు సెకనులో 25,000వ వంతులో 10 నంబరుకు చేరుతుంది. మనిషి రెప్ప వేయడానికి పట్టే సమయం దీనికి వేల రెట్లు.

ఒక అనుమానం చాలామందికి వస్తుంది. బ్యాటరీ అయిపోతే, సెన్సరు పనిచేయకపోతే కళ్ళు పోతాయా? క్రిస్టల్‌కు ముందు ఒక శాశ్వతమైన పొర ఉంటుంది. నల్లబడినా బడకపోయినా అది అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ ఆపుతూనే ఉంటుంది. గాజు నల్లబడకపోతే కళ్ళు జిగేల్‌మంటాయి, వెంటనే తల తిప్పుకుంటారు. కనబడని దెబ్బ మాత్రం తగలదు. అయితే ఈ పొర ఉందన్న హామీ ప్రమాణాలకు లోబడి తయారైన హెల్మెట్‌కే ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడు ఈఎన్ 379 ముద్ర ఉందేమో చూడండి. దాని పక్కన 1/1/1/2 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి, అవి గాజు నాణ్యతను చెబుతాయి, ఎంత తక్కువైతే అంత మంచిది. సెన్సర్లు రెండు కంటే నాలుగున్నది మేలు, పైపు అడ్డొచ్చి ఒక సెన్సరు మూతపడినా మిగిలినవి పనిచేస్తాయి. డబ్బు చాలకపోతే చింతించకండి. తలకు తగిలించుకునే మామూలు హెల్మెట్‌లో ఐఎస్ 1179 ప్రమాణానికి సరిపోయే 10 లేదా 11 నంబరు గాజు వేసుకుంటే రక్షణలో దానికి ఏ లోటూ లేదు. దానికి కాస్త అలవాటు కావాలి, అంతే. నల్ల గాజు ముందు పెట్టే తెల్ల గాజు మాత్రం నాలుగైదు అదనంగా తెచ్చి పెట్టుకోండి. నిప్పురవ్వలు పడి అది మసకబారగానే మార్చేయాలి.

హెల్మెట్ కింద మామూలు పారదర్శక రక్షణ కళ్ళజోడు ఎప్పుడూ ఉండాలి. అతుకు మీద పేరుకున్న చిట్టెం, మనం స్లాగ్ అనేది, చిప్పింగ్ సుత్తితో కొట్టేటప్పుడు వేడివేడిగా ఎగిరి వస్తుంది. అప్పటికి హెల్మెట్ పైకి ఎత్తేసి ఉంటారు.

ఇక పొగ. నా ఉద్దేశంలో మన దగ్గర బొత్తిగా పట్టించుకోనిది ఇదే. 1880లలో రష్యాలో నికొలాయ్ బెనార్డోస్ కార్బన్ కడ్డీతో ఆర్క్ వెల్డింగుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత స్లావ్యనోవ్ అనే మరొక ఆవిష్కర్త లోహపు కడ్డీనే వాడాడు. కానీ ఉత్త ఇనప తీగతో వేసిన అతుకు గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ కలిసి పెళుసుగా వచ్చేది. స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్, 1904లో ఈసాబ్ సంస్థను స్థాపించినవాడు, కడ్డీకి ఖనిజాల పూత పూయడంతో ఆ సమస్య తీరింది. పూత కాలి వాయువై ఆర్క్ చుట్టూ తెర కడుతుంది, కొంత కరిగి అతుకు మీద చిట్టెంగా పరుచుకుని గాలి తగలకుండా చూస్తుంది. ఈ రోజు మనం వాడే ప్రతి రాడ్డూ దాని వారసురాలే. అతుకును కాపాడే ఆ పూతే పొగకు పెద్ద మూలం కూడా. పొగలో అత్యధిక భాగం రాడ్డు నుంచే వస్తుంది, అతికే ఇనుము నుంచి వచ్చేది తక్కువ.

ఆవిరైన లోహం గాలి తగలగానే ఆక్సైడ్‌గా గడ్డకట్టి, మైక్రాన్ కంటే చిన్న రేణువులవుతుంది. ముక్కులోని వెంట్రుకలకూ జిగురుకూ చిక్కనంత చిన్నవి. నేరుగా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అంటే మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందనడానికి తగినంత రుజువు ఉన్నవాటి వరుసలో. స్టెయిన్‌లెస్ స్టీలు పొగే ప్రమాదం, మామూలు ఇనుము పరవాలేదు అన్న పాత భరోసా అక్కడితో పోయింది. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా శాఖ 2019లో నియమం మార్చింది. మామూలు ఉక్కు అయినా, ఎంత తక్కువ సేపు చేసినా, పొగ నుంచి తగిన రక్షణ ఏర్పాటు లేకుండా వెల్డింగ్ చేయించకూడదని చెప్పింది. స్టెయిన్‌లెస్ అయితే ఆరు వేలెన్సీ క్రోమియం, నికెల్ తోడవుతాయి. మాంగనీసు మెదడులో చేరి పార్కిన్సన్ జబ్బును పోలిన వణుకూ బిగుసుకుపోవడమూ తెస్తుంది.

ఇంట్లో పనిచేసేవాళ్ళకు ముందుగా ఎదురయ్యేది జింకు. ఇంటి మీద మిగిలిపోయిన, జింకు పూత ఉన్న జీఐ పైపు ముక్క కనబడగానే దానితోనే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఇనుము కరగకముందే తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చిన నాలుగైదు గంటలకు నోట్లో లోహపు రుచి, చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుంటారు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కారణం తెలియకుండానే పోతుంది. అతికే చోట రెండు పక్కలా రెండేసి అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేయండి, తీసేటప్పుడు కూడా మాస్కు ఉండాలి. పసుపు మెరుపుతో కాడ్మియం పూసిన పాత బోల్టులుంటాయి. పూత ఏమిటో తెలియని లోహం మీద ఆర్క్ పెట్టకండి. కాడ్మియం పొగ ప్రాణం తీస్తుంది, మొదటి గంటల్లో అది కూడా ఫ్లూలాగే ఉంటుంది. అలాగే బ్రేకులు శుభ్రం చేసే కొన్ని స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. ఆ తడి మీద ఆర్క్ వెలుగూ వేడీ పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. ముక్కను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టడం చాలు.

పొగ పట్టకుండా పని అయ్యాక బెల్లం ముక్కో, అరటిపండో, గ్లాసుడు పాలో ఇచ్చే అలవాటు మనకుంది. అందులో ఉన్న శ్రద్ధ గొప్పది. కానీ పాలు వెళ్ళేది పొట్టలోకి, పొగ వెళ్ళింది ఊపిరితిత్తుల్లోకి. అక్కడ చేరిన రేణువును ఏ తిండీ బయటికి తేలేదు. ముఖానికి కట్టుకునే రుమాలు కూడా మైక్రాన్ కంటే చిన్న రేణువును ఆపదు. కావలసింది ఎన్95 లేదా ఐఎస్ 9473 ప్రకారం ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు, ఇంకా మంచిది ఎఫ్ఎఫ్‌పీ3. తరచూ పనిచేసేవాళ్ళయితే రబ్బరు హాఫ్ మాస్కుకు గుండ్రటి పల్చని పి100 ఫిల్టర్లు తగిలించుకోవడం మేలు, అవి హెల్మెట్ కింద ఇముడుతాయి, నెలల తరబడి వస్తాయి. గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి అతకదు, ఆ సందులోంచే పొగ వెళ్తుంది. ఇవి రేణువులను ఆపుతాయి కానీ వాయువులను ఆపవు. అందుకే మాస్కు కంటే ముందు గాలి. తలుపులు మూసిన గదిలో వెల్డింగ్ వద్దు. ఫ్యాను మీ వెనక పెడితే మీ ముందు సుడి తిరిగి పొగ ముఖం మీదికే వస్తుంది. పక్కనుంచి అడ్డంగా వీచేలా పెట్టండి. తల పొగ నిలువుగా లేచే దారిలో కాకుండా ఒక పక్కకు ఉంచండి. ఖర్చు లేని ఈ రెండు మార్పులతో పీల్చే పొగ చాలా తగ్గుతుంది.

కరెంటు విషయంలో ఆలస్యం లేదు, అక్కడ ప్రమాదం వెంటనే. రాడ్డు తాకనప్పుడు హోల్డర్ దగ్గర సాధారణంగా 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. ఇంటి 230తో పోలిస్తే తక్కువే అనిపిస్తుంది. పొడి చర్మానికి తక్కువే. మే నెలలో విజయవాడలోనో కాకినాడలోనో చెమటతో తడిసిన గ్లవుజు, తడి నేల, రబ్బరు చెప్పులు జారిపోయిన కాలు ఉన్నప్పుడు ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దగ్గరికి పడిపోతుంది. 80ని 1,000తో భాగిస్తే 80 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు. మరొక ముఖ్యమైన సంగతి: ఇంటి బోర్డులో లీకేజీ వస్తే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధైర్యపడకండి. మెషీన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ వైపును సరఫరా వైపు నుంచి విడదీస్తుంది. హోల్డర్ దగ్గర తగిలే షాకును ఆర్‌సీసీబీ చూడలేదు. మెషీన్ బాడీకి లీకేజీ వస్తే మాత్రం అది కాపాడుతుంది, కాబట్టి 30 మిల్లీ ఆంపియర్లది తప్పక ఉండాలి, మూడో పిన్నుకు నిజమైన ఎర్తింగ్ ఉండాలి. హోల్డర్ వైపు మిమ్మల్ని కాపాడేవి పొడి తోలు గ్లవుజులు, పొడి బూట్లు, కాళ్ళ కింద ఎండిన చెక్క లేదా రబ్బరు మ్యాటు. గ్లవుజులు రెండు జతలు పెట్టుకోండి, ఒకటి తడిసితే మార్చుకోవడానికి. వీఆర్‌డీ అనే సౌకర్యం ఉన్న మెషీన్ దొరికితే తీసుకోండి. రాడ్డు తాకనప్పుడు అది వోల్టేజిని సుమారు 35 కంటే కిందికి దించేస్తుంది.

షాపుల్లో ఎర్త్ క్లాంప్ అనే దానికి భూమితో పని లేదు. కరెంటు మెషీన్‌కు తిరిగి వెళ్ళే దారి అది. అతికే చోటుకు దగ్గరగా, తుప్పు గీకిన చోట బిగించండి. గోడకు ఆనించిన గ్రిల్లుకో, నీళ్ళ పైపుకో తగిలిస్తే వంద ఆంపియర్లు ఇంట్లో ఎక్కడెక్కడ తిరిగి వస్తాయో చెప్పలేం.

మెషీన్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అందరూ మాట్లాడేది దాని గురించే. మన దుకాణాల్లో 12 నంబర్ రాడ్డు అంటే సుమారు రెండున్నర మిల్లీమీటర్లది, దానికి 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. 10 నంబర్, అంటే 3.15 మిల్లీమీటర్లదానికి 90 నుంచి 130. ఇంటి పనులన్నీ ఈ రెంటితో అయిపోతాయి. రాడ్డు పెట్టె మీద 6013 అని ఉన్నది మొదలుపెట్టేవాళ్ళకు మంచిది, ఆర్క్ తేలికగా అందుకుంటుంది, చిట్టెం సులువుగా ఊడుతుంది. కాబట్టి 160, మహా అయితే 200 ఆంపియర్ల మెషీన్ చాలు. పెట్టె మీద పెద్దగా రాసిన అంకె కంటే వెనక రేకు మీద రాసిన డ్యూటీ సైకిల్ చూడండి. 200 దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే కాల్చాలి. అదే మెషీన్ 155 దగ్గర ఆగకుండా నడుస్తుంది. ఇంటి లైను సంగతి కూడా లెక్కేసుకోండి. 90 ఆంపియర్లతో పని చేస్తే ఆర్క్ దగ్గర రెండు కిలోవాట్లు దాటుతాయి, నష్టాలు కలిపితే 16 ఆంపియర్ల ప్లగ్గు దాదాపు పూర్తిగా నిండుతుంది. 200తో నడపాలంటే సరఫరా నుంచి 30 ఆంపియర్లు దాటి లాగుతుంది. రెండు మూడు కిలోవాట్లకు మంజూరైన ఇంటి కనెక్షన్ అది మోయలేదు, గోడలోని వైరు వేడెక్కుతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో విడిగా ఒక లైను వేయించుకోండి.

బట్టల విషయానికి వస్తే, పాలిస్టర్ వద్దు. నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. దళసరి నూలు చొక్కా, చేతులు మణికట్టు దాకా, కాలరు గుండీ పెట్టి. లుంగీ, రబ్బరు చెప్పులు ఈ పనికి పనికిరావు. పాంటు కింద మడతలు ఉంటే రవ్వలు అందులోనే చేరతాయి. తోలు ఏప్రాన్, చీలమండ దాటిన తోలు బూట్లు. మన ఎండల్లో ఇవన్నీ వేసుకోవడం కష్టమని నాకు తెలుసు. వేసవిలో పని తెల్లవారుజామున పెట్టుకోండి, బట్టలు మాత్రం తగ్గించకండి.

వెల్డింగ్ కంటే గ్రైండర్ దగ్గర ఎక్కువసేపు గడుపుతారు, కాబట్టి దాన్ని తక్కువగా చూడకండి. నాలుగంగుళాల చక్రం నిమిషానికి 11,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చక్రం పగిలితే ముక్క ఆ వేగంతోనే వస్తుంది. గార్డు ఊడదీసిన గ్రైండర్ పట్టుకోవద్దు. చక్రం మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనండి. ముఖానికి పారదర్శక ఫేస్ షీల్డు, చెవులకు ఇయర్ ప్లగ్గులు.

నిప్పు విషయంలో మళ్ళీ ఆలస్యం కథే. రవ్వలు పదకొండు మీటర్ల దాకా దొర్లుకుంటూ వెళ్ళగలవని పరిశ్రమల్లో లెక్క. ఆ దూరంలో గోనె సంచులు, ఎండుటాకులు, పెయింటు డబ్బాలు, వంటగ్యాసు సిలిండరు, పల్లెల్లో అయితే గడ్డివాము ఏదీ ఉండకూడదు. గోనె మడతలో పడిన రవ్వ మంట లేకుండా కనలి, మీరు మెషీన్ ఆపి స్నానానికి వెళ్ళాక అంటుకుంటుంది. పని ఆపాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండి చూడాలి. మంటలార్పే ఏబీసీ పొడి సిలిండరు ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి చేతికందేలా ఉంచండి. డీజిల్, పెట్రోలు, రంగు, మందులు పోసిన డ్రమ్ములూ ట్యాంకులూ ఖాళీగా ఉన్నా అతకకండి. ద్రవం కంటే అడుగున మిగిలిన ఆవిరే పేలుతుంది. కడిగిన డ్రమ్మని ఎవరైనా భరోసా ఇచ్చినా ఇంటి వర్క్‌షాపులో దాన్ని చేపట్టకూడదు.

కొనే వరుస నేనైతే ఇలా పెడతాను: ముందు హెల్మెట్, మాస్కు, గ్లవుజులు, రక్షణ కళ్ళజోడు, బూట్లు. తర్వాత ఆర్‌సీసీబీతో లైను, మంటలార్పే సిలిండరు. మిగిలిన డబ్బుకు ఎంత మెషీన్ వస్తే అంత. తక్కువ ఆంపియర్ల మెషీన్‌తో చిన్న పనులు చేసుకోవచ్చు, కన్ను లేకుండా ఏ పనీ చేయలేరు.

ఇంకొక వస్తువు ఈ జాబితాల్లో ఎప్పుడూ కనబడదు. ఇంట్లో పని ఒక్కరితో జరగదు. ముక్క కదలకుండా పట్టుకునేందుకు భార్యో, తమ్ముడో, పక్కింటి పిల్లవాడో వస్తారు. ఆర్క్‌కు మీటరు దూరంలో నిలబడి, తల పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకుంటారు. మీటరు దూరంలో రక్షణ లేని కంటికి హాని జరగడానికి కొన్ని సెకన్లు చాలవచ్చు. పక్క గోడ నుంచి తిరిగివచ్చే వెలుగూ తోడవుతుంది. దూరం పదింతలైతే తీవ్రత వందో వంతుకు పడిపోతుంది కాబట్టి చూడ్డానికి వచ్చే పిల్లల్ని దూరంగా పంపండి, మధ్యలో ఒక దళసరి తెర కట్టండి. కానీ ముక్క పట్టుకునే మనిషిని దూరంగా పంపలేరు. అందుకని హెల్మెట్లు రెండు కొనండి, రెండో మాస్కూ రెండో జత గ్లవుజులూ కొనండి. రేపు మీ ఇంటి గేటుకు వెల్డింగ్ మనిషిని పిలిచినప్పుడు అతని దగ్గర లేకపోతే, ఆ రెండోది అతనికి ఇచ్చి పని మొదలుపెట్టించండి.